బండి కింద దారి

పోయిన వారం ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. మెళ్లో తాడుకి వేలాడే కార్డు, చేతిలో ఫోను. మా పాత పేటలోని సేవా సంఘం వార్షికోత్సవం చేస్తున్నారట. మొదటి రోజులు చూసినవాళ్లలో ఇంకా ఊపిరితో మిగిలింది నేనొక్కదాన్నేనని ఎవరో చెప్పారట. సంఘం ఏ ఆశయంతో మొదలైందో నాలుగు ముక్కలు చెప్పమని ఫోను నా ముక్కు దగ్గర పెట్టాడు. భయంతో మొదలైంది బాబూ అన్నాను. జోకు వేశాననుకుని నవ్వి, అది కాదు మామ్మగారూ, సేవాభావం గురించి చెప్పండి అన్నాడు. వాడికి కావలసింది నా దగ్గర లేదు. టీ ఇచ్చి పంపేశాను.

వాడు వెళ్లాక మాత్రం నాకు మనసు నిలవలేదు. పొయ్యి మీద పెట్టిన పప్పు అడుగంటి ఇల్లంతా మాడు వాసన వేసేదాకా అక్కడే సోఫాలో కూర్చుండిపోయాను. ఇన్నేళ్లయినా ఆ రోజులు తలుచుకుంటే చాలు, నాకు ముందు వచ్చేది జ్ఞాపకం కాదు, భయం.

అప్పుడు మేం విశాఖపట్నం కంచరపాలెంలో రైలు పట్టాల వారన ఉండేవాళ్లం. వారన అంటే నిజంగా వారనే. పెరటి తడిక తీస్తే తుప్పలు, తుప్పలు దాటితే కంకర, కంకర మీద లైన్లు. హార్బరుకి పోయే గూడ్సు బండ్లన్నీ అక్కడ ఆగి, వాటి వంతు వచ్చేదాకా పడి ఉండేవి. ఎర్ర ఖనిజం, బొగ్గు, గోధుమలు. ఉతికి ఆరేసిన పంచెలు సాయంత్రానికి ఎర్రబారేవి. అన్నం మీద మూత మరిచిపోతే మెతుకుల మీద ఎర్రటి పొడి. మా అమ్మమ్మ దాన్ని ఉఫ్ మని ఊదేసి తినేది. ఇనుము ఒంటికి మంచిదేనట. ఆవిడ ప్రకారం మేం పీల్చే గాలీ, మింగే దుమ్మూ అన్నీ బలమే.

గోధుమల బండి వచ్చి ఆగితే పిల్లలకి పండగ. పెట్టె తలుపు సందులో పుల్ల పెట్టి గీరితే గింజలు జలజలా రాలేవి. ఒళ్లో పట్టుకొచ్చి, వేయించుకుని, కాస్త బెల్లం నంజుకుని తినేవాళ్లం. ఆ వేపుడు వాసన వీధి చివరిదాకా వెళ్లి ఎవరెవరు దొంగతనానికి వెళ్లారో అందరికీ చెప్పేసేది. తిట్లు తినేవాళ్లం, ఆ తిట్టిన పెద్దవాళ్లే చెయ్యి చాచి ఓ గుప్పెడు పెట్టించుకునేవాళ్లు.

నాకు ఊహ తెలియకముందే నాన్న కామెర్లతో పోయారు. ఇంట్లో ముగ్గురం. అమ్మ, కళ్లు సరిగా ఆనని అమ్మమ్మ, నేను. లైన్లకు అవతల ఒక కార్ఖానా ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి పొలం పనులు వదిలి వచ్చి అందులో చేరిన మగవాళ్లు మా పేటలోనే గదులు తీసుకుని ఉండేవాళ్లు. పెళ్లాం పిల్లలు ఊళ్లో. వండుకోవడం చేతకాదు. వాళ్లకి అమ్మ వండి కేరేజీలు పంపేది. అదే మా బతుకు.

తెల్లారగట్ల లేచి అమ్మ పొయ్యి రాజేస్తే, నేను లేచేసరికి ఇల్లంతా తిరగమోత ఘాటు. పప్పుచారు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఎండురొయ్యలు వేసిన వంకాయ, వారంలో ఏదో ఒక రోజు నెత్తళ్ల పులుసు. చిక్కటి చింతపండు పులుసులో ఆ చిన్న చేపలు ఉడుకుతుంటే ఊరి కుక్కలన్నీ మా తడిక దగ్గరే ఉండేవి. కేరేజీల మీద ఎవరిది వాళ్లకి తెలిసేలా మేకుతో గుర్తులు గీసి ఉండేవి. ఒకరిది చేప, ఒకరిది శూలం. కార్ఖానాలో క్రేను నడిపే ఒకాయన కేరేజీ మీద కొక్కెం బొమ్మ. ఆయన్ని మేమంతా క్రేను బాబాయి అనేవాళ్లం. అతి మెత్తని మనిషి. ఆయన పై గిన్నెలోంచి వేపుడు చేప ముక్క నేను తినేసినా, ఈమధ్య చేపలు బాగా చిక్కిపోతన్నాయమ్మా అని అమ్మతో అనేవాడు తప్ప నా పేరెత్తేవాడు కాదు.

కార్ఖానాకి వెళ్లాలంటే రైలు గేటు చుట్టూ తిరిగి వెళ్లాలి. చాలా దూరం. అన్నంబెల్లు సైరను మోగేసరికి కేరేజీలు అక్కడ ఉండాలి, లేకపోతే ఆ మగవాళ్లు ఖాళీ కడుపులతో మళ్లీ మిషన్ల ముందు నిలబడాలి. అందుకని అమ్మ అడ్డంగా వెళ్లేది. లైన్లు ఖాళీగా ఉంటే సరే. ఏ బండో ఆగి ఉంటే, దాని కిందనుంచి.

అమ్మ ఒక్కతే కాదు. మా వరసలో అందరూ అంతే. చేపల గంపలు, కిరసనాయిలు డబ్బాలు, చంకలో పిల్లలు, అన్నీ బండి కిందనుంచే. రెండు పెట్టెల మధ్య కొక్కేలు కలిసే చోట వంగి, మోకాళ్ల మీద పాకి, అవతల లేవాలి. మాది పొద్దుటి బడి కావడంతో మధ్యాహ్నానికి నేను ఇంటికి వచ్చేసేదాన్ని. అమ్మ ముందు అవతలికి దూరితే నేను ఇవతలనుంచి కేరేజీలు ఒక్కొక్కటే కిందుగా అందించేదాన్ని.

దూరే ముందు అమ్మ ఒక పని చేసేది. పెట్టె ఇనుము మీద అరచెయ్యి ఆనించి, తల వంచి, కాసేపు వినేది. గూడ్సు బండి కదిలే ముందు ఎక్కడో దూరంగా ఒక కుదుపు పుడుతుంది. అది పెట్టె నుంచి పెట్టెకి దడ్, దడ్, దడ్ మని మనవైపు వస్తుంది. ఇనుములో వణుకు తెలిస్తే ఆగేది. తెలియకపోతే కుచ్చిళ్లు దోపి దూరేది. ఆ కాసేపూ నేను పక్కనున్న తుప్ప కొమ్మ పట్టుకుని నిలబడేదాన్ని. ముళ్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు. అమ్మకేమైనా అయితే నేనూ, చూపు ఆనని ముసలిదీ ఏం కావాలి? చిన్నపిల్లకి ఇంత ఆలోచన ఎక్కడిదంటారేమో. భయం పెట్టే ఆలోచనలకి వయసుతో పని లేదు. నాకు నాలుగో తరగతిలో ఎక్కాలు రాకపోయినా ఇది మాత్రం బాగా వచ్చు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఆ వేసవిలో మా వీధికి పెరుగు తెచ్చే ముసలమ్మ బండి కింద పడిపోయింది. మేం పెరుగు మామ్మ అనేవాళ్లం. అవతలి వైపు నుంచి మా వైపు వస్తూ, నెత్తి మీద కుండ దింపి ముందు ఇటు తోసి, తను దూరుతుండగా బండి కదిలింది. అమ్మమ్మ నన్ను లోపల పెట్టి గడియ వేసేసింది. బయట గోల, ఆడవాళ్ల ఏడుపులు, ఎవరో నీళ్లు తెమ్మని అరవడం వినిపిస్తూనే ఉన్నాయి. మర్నాడు కంకర మీద ముగ్గు చల్లినట్టు తెల్లగా బ్లీచింగు పొడి. కుండ మాత్రం పగలకుండా తుప్పల పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చీమలు పట్టి, ఎండి, వాన పడేదాకా అక్కడే ఉంది.

పెద్దవాళ్లు వారం రోజులపాటు ఆ మాటే మాట్లాడుకున్నారు. ఆవిడకి ఆయువు అంతే అని ఒకరు. వినికిడి తగ్గింది కదా, అందుకే అని ఇంకొకరు. చెవులు బాగా వినిపించే వాళ్లందరికీ ఆ మాట చాలా ధైర్యం ఇచ్చింది. అమ్మ కూడా ఆ మాటే పట్టుకుంది.

పట్టుకోనిది క్రేను బాబాయి ఒక్కడే. ఆ రోజు ఆయన అవతల నిలబడి చూశాడట. కేకేశాడట, ఆవిడకి వినపడలేదట. నాలుగు రోజులు అన్నం తినలేదు. కేరేజీ వెళ్లింది వెళ్లినట్టే వెనక్కి వచ్చేది. ఆ తరువాతి ఆదివారం సైకిలు షాపు రేకుల షెడ్డు కింద పేట మగవాళ్లందరినీ కూర్చోబెట్టాడు. మనం ఇంతమందిమి ఉండి ఒక ముసలిదాన్ని దాటించలేకపోయామంటే సిగ్గుచేటన్నాడు. షిఫ్టు లేనివాళ్లు వంతులు వేసుకుని లైను దగ్గర నిలబడదామన్నాడు. ఇంజను వైపు చూస్తూ ఒకడు ఈల వేస్తాడు. ఒక పొడుగు ఈల వేస్తే దాటొచ్చు. తెంపుతెంపులుగా వేస్తే ఆగాలి. అంతే పని.

అలా పుట్టింది సేవా సంఘం. పేరు దగ్గర పెద్ద రభస అయింది. ఒకాయన ఆంజనేయస్వామి పేరు పెట్టమన్నాడు, ఇంకొకాయన ఎవరో నాయకుడి పేరు. సాయంత్రం దాకా కొట్టుకుని, చివరికి ఎవరి పేరూ లేకుండా వదిలేశారు. రేకు ముక్క మీద నీలం రంగుతో బోర్డు రాయించి షెడ్డుకి కట్టారు. కొబ్బరికాయ కొట్టి, పిల్లలకి బెల్లం, వేయించిన సెనగపప్పు పంచారు. బడిలో డ్రిల్లు మాస్టారి దగ్గర అడిగి ఒక ఈల తెచ్చారు. క్రేను బాబాయి దాన్ని మెళ్లో వేసుకుంటే పెళ్లికొడుకులా ఉన్నాడని ఆడవాళ్లు నవ్వారు. పెరుగు మామ్మ పోయాక పేటలో నవ్వు వినిపించడం అదే మొదలు.

మాకు తమాషాగా ఉండేది. ఆకుతో బూర చేసుకుని తుప్పల్లో దాక్కుని మేమూ ఊదేవాళ్లం. నిజం ఈలకీ మా ఈలకీ తేడా అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మోసపోయేవాళ్లు కాదు, కానీ ఒకసారి క్రేను బాబాయి మమ్మల్ని పట్టుకున్నాడు. కొట్టలేదు. దీంతో ఆడకూడదమ్మా అన్నాడు. గొంతు ఎలా ఉందంటే, ఆ తర్వాత మేం ఆకు ముట్టుకోలేదు.

సంఘం వచ్చాక పేటంతా ధైర్యం వచ్చింది. నాకే భయం ఎక్కువైంది. ఎందుకో అప్పుడు చెప్పగలిగేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పగలను. ఈల రాకముందు అందరూ వినేవాళ్లు. ఈల వచ్చాక వినడం మానేశారు. అంతకుముందు గేటు చుట్టూ తిరిగి వెళ్లే భయస్తులు కూడా, సంగం ఓల్లున్నారు కదా అని బండి కిందకే వచ్చేవాళ్లు. కడుపుతో ఉన్నవాళ్లు వచ్చారు. బడిపిల్లలు వచ్చారు. అమ్మ ఇనుము మీద చెయ్యి పెట్టడం మానేసింది. పొడుగు ఈల వినపడటం ఆలస్యం, వంగేది. చెయ్యి పెట్టమ్మా అని నేను కొంగు పట్టుకుని లాగేదాన్ని. బాబాయి చూస్తన్నాడు కదే, మనకంటే ఆళ్లకి తెలీదా అని విదిలించుకునేది.

ఆ రోజు నెత్తళ్ల పులుసు. ఖనిజం బండి పొద్దుటినుంచీ ఆగి ఉంది. లైను దగ్గర వంతు క్రేను బాబాయిది. హార్బరు వైపు ఇంజను బండిని వదిలేసి నీళ్లు పట్టుకోవడానికి వెళ్లిపోయింది. ఇంజను లేని బండి ఎలా కదులుతుంది? ఆయనే కాదు, పేటలో ఎవరిని అడిగినా అదే చెప్పేవాళ్లు. రోజూ ఆ ఇంజన్నే చూస్తూ నిలబడటం సంఘం వాళ్లకి అలవాటైపోయింది. వెనకవైపు లైను మలుపు తిరిగి తుప్పల్లోకి పోతుంది, అక్కడేం జరుగుతుందో కనపడదు, అటు ఎవరూ నిలబడరు. బాబాయి నిశ్చింతగా పొడుగు ఈల వేశాడు. చుట్ట కూడా ముట్టించుకున్నాడు.

అమ్మ వంగింది. రెండు కేరేజీలు ముందుకు తోసుకుంటూ సగం దూరింది. నేను చేప గుర్తు కేరేజీ అందిస్తున్నాను. అప్పుడు వినపడింది. హార్బరు వైపు నుంచి కాదు, మలుపు వైపు నుంచి. ఇంకో ఇంజను ఎక్కడినుంచో పెట్టెలు తోసుకొచ్చి మా బండి తోకకి తగిలించింది. దడ్, దడ్, దడ్ మని వస్తోంది. అమ్మా అని అరిచాననుకున్నాను. అరవలేదట. నోరు తెరుచుకుని నిలబడ్డానట.

అమ్మ విన్నది. వెనక్కీ రాలేదు, ముందుకీ పోలేదు. పట్టాల మధ్య బోర్లా పడిపోయి కంకరకి అతుక్కుపోయింది. బండి కదిలింది. నా చేతిలో ఉన్న కేరేజీ ఎవరో లాక్కున్నట్టు పోయింది. చక్రం ఒకటి వచ్చింది, ఇంకొకటి వచ్చింది. కేరేజీలు నలిగిన చప్పుడు. ఆ కిందనుంచి వేడివేడి నెత్తళ్ల పులుసు వాసన గుప్పున కొట్టింది. అమ్మ కనపడటం లేదు. చక్రాలే కనపడుతున్నాయి, వాసనే వస్తోంది. ఇప్పటికీ మా ఇంట్లో నెత్తళ్లు వండరు. ఎందుకని ఎవరైనా అడిగితే ఎలర్జీ అని చెప్తాను.

బండి కొంత దూరం పోయి ఆగిపోయింది. ఆగకుండా అలాగే పోయి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. పెట్టెల కిందనుంచి మా అమ్మ పాక్కుంటూ ఇవతలికి వచ్చి లేచి నిలబడింది. ముక్కు మీద, మోచేతుల మీద గీసుకుపోయింది. చీర చెంగు ఒక ముక్క లేదు. జుట్టు నిండా మెతుకులు. ఆవిడ నా వంక చూడలేదు. నలగని కేరేజీలు ఎన్ని మిగిలాయో చూసింది. క్రేను బాబాయి పరిగెత్తుకొచ్చి, అమ్మ ముందు కంకర మీద కూలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మే ఆయన్ని లేపింది.

తర్వాత అమ్మ నాతో ఒక్క మాటే అంది. "అమ్మమ్మకి సెప్పకు." మిగిలిన కేరేజీలు పట్టుకుని గేటు వైపు నడిచి వెళ్లిపోయింది. సైరను అప్పటికే మోగింది.

నాకు ఆ సాయంత్రం జ్వరం తగిలింది. పిల్ల దేనికో దడుసుకుందని అమ్మమ్మ పట్టేసింది. చూపు ఆనకపోయినా ఆవిడకి ఒంటి వేడిని బట్టి అన్నీ తెలిసేవి. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది, వేపమండలతో కొట్టించింది, దండకి తాయెత్తు కట్టించింది. దేన్ని చూసి దడుసుకున్నావే అని అడిగితే కుక్కని అన్నాను. వీధిలో కుక్కలన్నిటినీ ఆవిడ పేరుపేరునా తిట్టింది. వాటిలో ఒక నల్ల కుక్క పాపం ఏమీ ఎరగకుండా మా తడిక దగ్గరే పడుకుని ఉండేది.

నన్ను పడుకోబెట్టి అమ్మ కేరేజీలతో ఒంటరిగా వెళ్లడం మొదలుపెట్టింది. సంఘం వాళ్లు ఆ రోజునుంచి ఈల మానేశారు. ఎవరూ కిందనుంచి వెళ్లొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పారు. ఇకమీదట పెందలాడే బయల్దేరి గేటు చుట్టే తిరిగి వస్తానని అమ్మ వాళ్లకి మాట ఇచ్చింది. నేనూ నమ్మాను. రెండో రోజో మూడో రోజో మంచం దిగి తడిక సందులోంచి చూస్తే అమ్మ లైను దగ్గరే ఉంది. ఒక్కతే. కేరేజీలన్నీ ముందు అవతలికి తోసేసి, ఇనుము మీద చెయ్యి పెట్టి, వంగుతోంది.

ఎందుకు వెళ్లిందో నాకు అప్పుడూ తెలుసు. పెందలాడే బయల్దేరాలంటే ఇంకా పెందలాడే వండాలి. అంత పనికి ఆవిడ ఒక్క ఒళ్లు చాలదు. ఒకపూట అన్నం ఆలస్యమైతే ఓర్చుకుంటారు, రోజూ అయితే ఇంకో వంటావిడని చూసుకుంటారు. అవన్నీ తెలుసు. తెలిసినా నాకు కావలసింది అమ్మ ఒక్కతే. కూడు లేకపోయినా సరే అనిపించింది. పస్తు ఎలా ఉంటుందో ఎరగని పిల్ల మాట అది, అయినా నిజంగా అలాగే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం సంఘం షెడ్డులో పెద్ద మీటింగు. ఈ వైపు ఒకరు, మలుపు వైపు ఒకరు నిలబడి జెండాలు ఊపుదామని కొందరు, సంఘమే ఎత్తేద్దామని కొందరు. క్రేను బాబాయి ఒక మూల గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అంతమంది మగవాళ్ల మధ్యకి, జ్వరం దిగీ దిగని ఒళ్లుతో, తైలం లేని జుట్టుతో నేను వెళ్లి నిలబడ్డాను. వెనక్కి పరిగెత్తాలనే ఉంది.

"ఏటే గుంటా, నీకేటి పనిక్కడ?" అని ఒకాయన కసిరాడు.

నేను బాబాయి వైపు తిరిగాను. "బాబాయ్, రేపట్నించి మాయమ్మ ఒండిన కూడు మీరెవులూ తినకండి."

ఎవరో నవ్వారు. కూరలో ఉప్పెక్కువైపోయిందేమో అన్నారు. బాబాయి నవ్వలేదు. ఎందుకే అని అడిగాడు.

"మీకు ఆకలేత్తాది. మాయమ్మ బండి కింద దూరుతాది."

"గేటు సుట్టూ తిరిగొత్తంది కదే."

"అబద్దం. రోజూ దూరతంది. నాను సూత్తన్నాను."

షెడ్డులో ఉన్నవాళ్లలో చాలామంది రోజూ ఆ అన్నం తింటున్నవాళ్లే. ముందురోజు తిన్నది, అంతకు ముందురోజు తిన్నది వాళ్లకి గుర్తొచ్చి ఉంటుంది. ఒకాయన లేచి బయటికి వెళ్లి ఉమ్మేసి వచ్చాడు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. వద్దనుకున్నా ఆగలేదు. బాబాయి నన్ను దగ్గరికి తీసుకుని, తన తువ్వాలుతో మొహం తుడిచి, అందరితో ఒకటే మాట అన్నాడు. దాటడానికి సాయం చేసే సంఘం మనకొద్దు, దాటే అవసరం లేకుండా చేసే సంఘం కావాలి. పోయిన వారం వచ్చిన ఆ కుర్రాడికి కావలసిన ఆశయం బహుశా ఇదేనేమో. నేనప్పుడు దాన్ని ఆశయం అనుకోలేదు.

మర్నాటినుంచి పద్ధతి మారింది. మధ్యాహ్నం షిఫ్టువాళ్లు ఎలాగూ పొద్దుట ఖాళీయే. వాళ్లు వంతులు వేసుకుని సైకిళ్ల మీద వచ్చి, పొద్దుటి షిఫ్టువాళ్ల కేరేజీలు హేండిలుకి తగిలించుకుని గేటు చుట్టూ తొక్కుకుంటూ పోయేవాళ్లు. వీళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లు. కేరేజీలతో మొదలై, ముసలివాళ్ల బియ్యం సంచులు, కిరసనాయిలు, కడుపుతో ఉన్నవాళ్లని వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి, అలా పెరిగింది. పొద్దున్నే లైన్లు దాటి బడికి పోయే పిల్లలందరినీ వరసలో నిలబెట్టి గేటు దాకా నడిపించి తీసుకెళ్లేవాళ్లు. మేం ఆ వరసలో పాటలు పాడుకుంటూ, ఒకరి జడ ఒకరు లాగుకుంటూ పోయేవాళ్లం. దూరం ఎక్కువని సణిగేవాళ్లం కూడా.

అమ్మ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. అంతమంది మగవాళ్ల ముందు తన గుట్టు బయటపెట్టానని. అన్నం పెట్టేది, తల దువ్వేది, మాట మాత్రం లేదు. రేపోమాపో వాళ్లకి మోయడం విసుగు పుట్టి కేరేజీలు మాన్పించేస్తారని ఆవిడ దిగులు. సైకిళ్లు వచ్చే వేళకి వీధిలోకి వచ్చి నిలబడేది, ఈపూట వస్తారో రారో అని. వాళ్లు వచ్చారు. వానలో కూడా వచ్చారు. ఒక సాయంత్రం నా తలకి ఆముదం రాస్తూ, ఉన్నట్టుండి అంది.

"నాకు బయం నేదనుకున్నావేటే? ఆ కిందకి ఎల్లినప్పుడల్లా నా కాళ్లు నా మాట ఇనవు. నాను బయపడి కూకుంటే నీకు కూడెవులెడతారు?"

మా అమ్మకి భయం అంటే తెలియదని అన్నాళ్లూ అనుకున్నాను. నా భయం నాది అనుకున్నాను. ఇద్దరం ఒకే దానికి భయపడుతూ, ఒకరికొకరు చెప్పకుండా, ఆ లైనుకి ఇటూ అటూ నిలబడ్డాం. ఆ రాత్రి అమ్మ పక్కలోకి జరిగి పడుకున్నాను. ఆముదం జిడ్డంతా ఆవిడ జాకెట్టుకి అయిందని పొద్దున్నే తిట్టింది. మాటలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ తర్వాత సంగతులు చాలా ఉన్నాయి. తుఫాను వచ్చినప్పుడు సంఘం వాళ్లు పేటలో ఎగిరిపోయిన కప్పులన్నీ మళ్లీ కప్పారు. రక్తం ఇస్తే మనిషి చచ్చిపోతాడని అందరూ వణికే రోజుల్లో వరసగా వెళ్లి రక్తం ఇచ్చి, ఇంటికొచ్చి గుడ్లు తిన్నారు. లైన్ల మీద నడక వంతెన కావాలని ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, చివరికి వేయించారు. వంతెన వేసేనాటికి క్రేను బాబాయి లేడు. తరువాత ఉక్కు కర్మాగారం పని మొదలై, మా వాళ్లలో సగంమంది అటు వెళ్లిపోయారు. నేను పెళ్లాడిన మనిషికీ అక్కడే ఉద్యోగం. ఉక్కునగరంలో క్వార్టరు ఇచ్చారు. అమ్మమ్మ పోయాక అమ్మని నా దగ్గరికే తెచ్చుకున్నాను.

శుభ్రమైన రోడ్లు, వరస చెట్లు, కొళాయి తిప్పితే నీళ్లు. దగ్గరలో రైలు పట్టా లేదు. అయినా అమ్మ కూరలకి వెళ్లి కాస్త ఆలస్యమైతే నాకు అదే భయం. రోడ్డు మీదకి వెళ్లి నిలబడేదాన్ని. నువ్వు నాకు తల్లివా, నేను నీకు తల్లినా అని అమ్మ విసుక్కునేది. మా ఆయన వేళాకోళం చేసేవారు. పిల్లలు పెద్దవాళ్లయి వాళ్లూ మొదలుపెట్టారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే నవ్వేస్తారు, లేదా జాలిపడతారు. రెండూ నాకు గిట్టవు.

అమ్మ చాలాకాలం బతికింది. పళ్లు పోయాయి, నడుం వంగింది, నోరు మాత్రం తగ్గలేదు. ఒక మధ్యాహ్నం పెరుగన్నం తిని, అందులోకి మాగాయి కాస్త చాలదని నన్ను దెప్పి, గదిలోకి వెళ్లి నడుం వాల్చింది. టీ వేళకి లేపితే లేవలేదు. డాక్టరు వచ్చి నిద్రలోనే పోయారని చెప్పాడు.

ఇంటినిండా జనం చేరారు. పిల్లలు ఏడుస్తున్నారు, మా ఆయన కూడా కళ్లు తుడుచుకుంటున్నారు. నేను గదిలోకి వెళ్లి చూశాను. ఒక పక్కకి తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉంది. దుప్పటి సరిచేశాను. పాదాలు రెండూ పట్టుకుని చూశాను, ఇంకా కాస్త వెచ్చగానే ఉన్నాయి. ఒంటి మీద ఎక్కడా చిన్న గీత లేదు. మా అమ్మ మంచం మీద పోయింది. మెత్తటి పరుపు మీద, కడుపు నిండా తిని, నిద్రలో పోయింది.

అమ్మయ్య అన్నాను, పైకే. పక్కన నిలబడ్డ మా ఆడపడుచు నా మొహం కేసి వింతగా చూసింది. దుఃఖానికి మతి చలించిందనుకుని ఉంటుంది, గబగబా వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. చిన్నప్పటినుంచీ మోస్తున్న భయం ఆ పూట దిగిపోయింది. అది దిగిపోయాక గానీ అమ్మ లేదన్న సంగతి నాకు తెలియలేదు. అప్పుడు ఏడ్చాను.